కట్టుబడి వారి ఋణము – ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితము

ప్రతి ఏటా ఈ సంచికలో ఒక మహనీయుని జీవితమును క్లుప్తంగా చెప్పుకొనడము మన ఆనవాయితీ. ఈసారి దూరదేశాల వారిని గాక, మన నంద్యాలకూ ఆళ్లగడ్డకూ చేరువలోనే పెరిగి, కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారిని గురించి వ్రాస్తున్నాము. ఆయన పేరు తెలియని ఇల్లు మన ప్రాంతంలో లేదు. చిన్నప్పుడు పాటగా విన్నాము, పెద్దయినాక సినిమాగా చూసినాము. అయినా మళ్ళీ ఎందుకు వ్రాయవలసి వచ్చిందో ముందుగా చెప్పుకోవాలి.

కొన్నేండ్ల క్రితము ఒక గణతంత్ర దినమున ఆళ్లగడ్డ వైపు పల్లెకు చెందిన ఒక మాజీ సైనికుని పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, దండ వేసి ఫోటో తీసుకున్నాము. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆ చప్పట్లలో అబద్ధమేమీ లేదు. తర్వాత కొన్ని వారాలకు ఆయన పెన్షన్ కాగితాల పని మీద పట్టణానికి వచ్చి, ఆఫీసులో ఒక మాట చెప్పేందుకు మాలో ఎవరైనా తోడు రమ్మని అడిగినాడు. ఒకరు రేపన్నారు, ఇంకొకరు ఎల్లుండన్నారు. మూడుసార్లు తిరిగి, నాలుగోసారి రావడమే మానుకున్నాడు. శాలువాకు డబ్బు ఖర్చు పెట్టినాము గానీ ఒక పూట ఖర్చు పెట్టలేకపోయినాము. ఈ తప్పు ఇంకెవరిదో కాదు, మాదే. అప్పటినుండి నరసింహారెడ్డి గారి కథ మాకు ఇంకో విధంగా వినిపిస్తున్నది. ఎందుకంటే అది కూడా ఆయుధము పట్టి కొలువు చేసినవారిని, పని తీరినాక మరచిపోయిన కథే.

ముందు ఈ నేల సంగతి చూద్దాము. 1800లో నైజాము ఈ దత్తమండలాలను ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్నాడు. ఊరికే వదులుకోలేదు. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ పటాలము ఖర్చు కింద ఇచ్చినాడు. అంటే మన నేల మీద వచ్చే శిస్తు సిపాయిల జీతానికి చెల్లు అయిందన్నమాట. కోవెలకుంట్ల ప్రాంతము అప్పుడే కంపెనీ చేతికి పోయింది. నంద్యాల మాత్రము ఇంకా కర్నూలు నవాబుల ఏలుబడిలోనే ఉండింది.

ఆ కాలంలో ఇక్కడ పాలెగాండ్లు ఉండేవారు. వారి కింద కట్టుబడి వారు ఉండేవారు. వీరు నెల జీతగాండ్లు కారు. తక్కువ శిస్తు మీద మాన్యము అనుభవిస్తూ, దానికి బదులుగా ఊరికి కాపలా కాయడము, దారిన పోయేవారికి దొంగల భయము లేకుండా చూడడము, పిలుపు వస్తే ఈటె, కత్తి పట్టుకొని బయలుదేరడము వీరి విధి. పగలు మడక, రాత్రి కావలి. బోయలు మొదలుకొని ఎన్నో కులాల వారు ఈ కొలువులో ఉండినారు. వారంతా ధర్మాత్ములని మేము అనము. పాలెగాండ్ల తగాదాలలో పల్లెలు దోచినవారూ ఉన్నారు. కానీ ఆ మాన్యము దానము కాదు, చేసిన కొలువుకు ముట్టిన కూలి.

కంపెనీ తరఫున థామస్ మన్రో దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు ఉండినాడు. సుమారు 80 మంది పాలెగాండ్ల బలము అతని కాలంలోనే అణగిపోయింది. కోటలు పోయినవి, సేనలు పోయినవి. కొందరికి తవర్జీ అనే నెల భరణము మిగిలింది. అట్లా అధికారము పోయి భరణము మిగిలిన కుటుంబంలోని వాడే నరసింహారెడ్డి. తండ్రి పెద్దమల్లారెడ్డి. తాత జయరామిరెడ్డి నొస్సం పాలెగారు, ఒకప్పుడు ఈ సీమలో గట్టి పేరున్న మనిషి.

నరసింహారెడ్డికి ముట్టే తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. పైసతో సహా లెక్క కట్టి ఇచ్చిన భరణమది. నొస్సం కుటుంబానికి వచ్చే భరణము వారసులు లేరని రద్దయినప్పుడు, అందులో తనకు భాగము రావాలని ఆయన కోరినాడు. ప్రభుత్వము కాదన్నది. తవర్జీ తెమ్మని పంపిన మనిషిని కోవెలకుంట్ల తహసీల్దారు అవమానించి పంపినాడని కూడా జనము చెప్పుకుంటారు. కాబట్టి ఆయన కోపము మొదట ఇంటి కోపమే. ఈ మాట దాచవలసిన పని లేదు. ఇంటి కోపము ఊరి కోపముగా ఎట్లా మారిందన్నదే అసలు సంగతి.

ఇంతలో కాలము మారింది. 1839లో కంపెనీ కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ గారిని ఆయుధాలు కూడబెట్టినాడన్న నేరము మోపి గద్దె దింపి తిరుచిరాపల్లికి పంపింది. 1840లో ఆయన అక్కడే హతుడైనాడు. రాజ్యముతో పాటు ఆ కొలువును నమ్ముకున్న సిపాయిల బ్రతుకులూ చెదరిపోయినవి. మన పెద్దల ఇండ్లలో ఆ చెదిరిన కథలు నిన్నమొన్నటి వరకు చెప్పుకునేవారు. అటు కోవెలకుంట్ల వైపు కంపెనీకి తహసీల్దార్లు, పోలీసులు కుదురుకున్నారు. ఇక కట్టుబడి వారితో పనేమున్నది? వారి మాన్యాలను తిరిగి లాక్కునే ఆలోచన సాగింది. తండ్రి కావలి కాసి సంపాదించిన చేను కొడుక్కు దక్కదన్న భయము పల్లె పల్లెనా పుట్టింది. కంపెనీ లెక్కలో అది అనవసరపు ఖర్చు. కట్టుబడి వాని లెక్కలో అది ఇచ్చిన మాట తప్పడము.

ఈ రెండు కోపాలు 1846లో కలిసినవి. జూలై నెలలో నరసింహారెడ్డి కట్టుబడి వారిని, ఇతరులను కూడగట్టుకొని కోవెలకుంట్ల ఖజానా మీద పడినాడు. తర్వాత ఆళ్లగడ్డకు దగ్గరి రుద్రవరము మీద దాడి జరిగింది. అక్కడినుండి గిద్దలూరు వైపు మళ్ళినాడు. లెఫ్టినెంట్ వాట్సన్, కెప్టెన్ నాట్ నాయకత్వాన కంపెనీ బలగాలు వెంటబడినవి. రెండు వైపులా ప్రాణాలు పోయినవి. బలము చాలక ఆయన నల్లమల అడవులు పట్టినాడు. పట్టి ఇచ్చినవారికి బహుమానమని ప్రభుత్వము చాటింపు వేయించింది. చివరికి 1846 అక్టోబరు 6న పేరుసోముల దగ్గర పట్టుబడినాడు.

తొమ్మిది వందల మందికి పైగా మీద కేసులు పెట్టినారు. చాలామందిని విడిచిపెట్టగా 112 మందికి శిక్షలు పడినవి. నరసింహారెడ్డికి మరణశిక్ష విధించినారు. 1847 ఫిబ్రవరి 22 ఉదయము కోవెలకుంట్లలో, కడప కలెక్టరు కాక్రేన్ సమక్షంలో, రెండు వేల మందికి పైగా జనము చూస్తుండగా ఉరి తీసినారు. కోవెలకుంట్ల అప్పుడు కడప జిల్లాలోనే ఉండేది, 1858లో కర్నూలులో కలిసింది. ఉరి తీసినాక తలను కోట బురుజున వేలాడదీసినారు. 1877 దాకా, అంటే ముప్పై ఏండ్లు, అది అట్లాగే ఉండింది.

ఆ రెండు వేల మందిని గురించి మేము చాలాసార్లు ఆలోచించినాము. వారిలో ఆయన అన్నము తిన్నవారు ఉండి ఉంటారు. ఆయన వెంట పోయి విడుదలై వచ్చినవారు ఉండి ఉంటారు. ఎవరూ నోరు మెదపలేదంటే కృతజ్ఞత లేక కాదు, భయము. భయపడినవారిని ఎండకు కూర్చొని తిట్టే హక్కు నీడన కూర్చున్న మనకు లేదు. ఆ మౌనములోనుంచే పాట కూడా పుట్టింది. దొర రాజ్యములో, బురుజు మీద తల వేలాడుతుండగా ఆ పేరు పాడినవాడు ఎంతో కొంత పోగొట్టుకునేందుకు సిద్ధపడినవాడే. కాబట్టి ఆ పాట నిజమైన కృతజ్ఞత అని మా నమ్మకము.

ఈనాడు ఆ పేరు చెప్పడానికి ఎవరికీ భయము లేదు. విగ్రహాలు నిలిపినారు. 2019లో పెద్ద సినిమా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినారు. 2022లో ఏర్పడిన మన నంద్యాల జిల్లా పరిధిలోనే ఆయన ఊరు, ఆయన ఉరి స్థలము రెండూ ఉన్నవి. ఇవన్నీ సంతోషించదగినవే. కానీ శిక్ష పడిన ఆ 112 మందిలో పదిమంది పేర్లు మనలో ఎవరైనా చెప్పగలరా? మాన్యము పోతుందని కత్తి పట్టినవాని చేను చివరికి ఏమైందో ఎవరైనా అడిగినామా? నాయకుని తలచుకోవడము సులభము. పేరు లేని సిపాయిని తలచుకోవడమే కష్టము.

జనము సిపాయిల పట్ల చూపే గౌరవము వట్టి నాటకమని కొందరు అంటారు. మేము అంత దూరము పోము. చప్పట్లు కొట్టేటప్పుడు మనసు నిజంగానే కరుగుతుంది. 1949 నుండి ప్రతి డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినము జరుగుతున్నది. బడిపిల్లలు చిన్న జెండా కొని చొక్కాకు పెట్టుకున్నప్పుడు వారి ముఖంలో కనబడేది కపటము కాదు. లోపము మనసులో లేదు, మరుసటి రోజులో ఉన్నది. కంపెనీ వారిది ఒక రకము మరపు. పనికి వచ్చినంత కాలము మాన్యము, పని తీరినాక లెక్కల పుస్తకము. మనది ఇంకో రకము. వేదిక మీద ఉన్నంతసేపు దండ, దిగినాక రేపు రా అనే మాట. అనుభవించేవానికి ఈ రెండింటికీ పెద్ద తేడా తెలియదు.

అందుకే ఒక చిన్న కొలత పెట్టుకున్నాము. కృతజ్ఞత మనకు ఏదైనా ఖర్చు పెట్టించిందా లేదా? డబ్బే కానక్కరలేదు. ఒక పూట కూలి, ఒక బస్సు ప్రయాణము, ఆఫీసు బెంచీ మీద రెండు గంటలు. అదేదీ ఖర్చు కాకపోతే మనము ఇచ్చింది మాట మాత్రమే.

ఈ ఏడు మేము ముగ్గురము ఆళ్లగడ్డ బస్సెక్కి ఆ మాజీ సైనికుని ఇంటికి పోయినాము. మమ్మల్ని చూసి నిష్ఠూరము ఆడలేదు. కూర్చోబెట్టి టీ ఇప్పించినాడు. కాగితాల పని తానే తిరిగి తిరిగి పూర్తి చేసుకున్నాడట. మేము కప్పిన శాలువా పెట్టెలో మడత పెట్టి ఉన్నదని వాళ్ల ఆడబిడ్డ చూపించింది. మేము తలవంచుకొని కూర్చున్నాము. లేచేటప్పుడు ఆయనే పక్క పల్లెలోని ఒక సైనికుని వితంతువు సంగతి చెప్పి, ఆమెకు కుటుంబ పెన్షన్ పనిలో చదువుకున్నవారి తోడు కావాలన్నాడు. మరుసటి సోమవారమే మాలో ఒకరు ఆమెతో పోయినారు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలోని మాజీ సైనికుల, వారి వితంతువుల పేర్లు కులమతాలు చూడకుండా ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలని, ఆఫీసు పని పడినప్పుడు వంతులవారీగా ఒక సభ్యుడు తోడు పోవాలని సంఘములో అనుకున్నాము. ఇది గొప్ప పని కాదు. సభ్యులు, ముఖ్యంగా యువకులు, తమ తమ వీధులలో ఎవరున్నారో తెలుసుకొని పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. నరసింహారెడ్డి గారి వెంట నడిచిన కట్టుబడి వారి పేర్లు మనకు దక్కలేదు. మన కాలపు వారి పేర్లయినా పోగొట్టుకోకుండా చూసుకుందాము.