23 గంటలు ఒక్కరే

ఫ్రాన్స్‌లోని లెమాన్‌లో ఏటా 24 గంటల కార్ల పందెం జరుగుతుంది. 1952లో ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు. ఒకరు నడుపుతుంటే రెండోవారు తిని, కాస్త నిద్రపోయి, తమ వంతుకు సిద్ధమవుతారు.

పియర్ లెవెగ్ 1905లో పారిస్‌లో పుట్టారు. లెమాన్ గెలవాలన్నది ఆయన కల. ఆ ఏడాది 46 ఏళ్ల వయసులో టాల్బో కారుతో బరిలో దిగారు. తోటి డ్రైవర్ సిద్ధంగా ఉన్నా స్టీరింగ్ ఇవ్వలేదు. ఇంజిన్‌లో ఏదో తేడా ఉందని, దాన్ని తానే జాగ్రత్తగా నడపగలనని ఆయన నమ్మకం. రాత్రంతా ఒక్కరే నడిపి, మెర్సిడెస్ కార్లకంటే నాలుగు ల్యాపులు ముందున్నారు. ఇంకో గంటలో పందెం ముగుస్తుందనగా ఇంజిన్ పాడైంది. అలసటలో గేరు తప్పుగా వేశారని చాలామంది అనుకున్నారు. మెర్సిడెస్ గెలిచింది.

మూడేళ్ల తర్వాత అదే మెర్సిడెస్ ఆయనను తమ జట్టులోకి పిలిచింది. 1955 జూన్ 11న లెమాన్‌లో, పందెం మూడో గంటలో, ముందున్న కారు ఉన్నట్టుండి పక్కకు తిరగడంతో ఆయన కారు దాన్ని ఢీకొంది. ఆయనతోపాటు 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు.

ఇప్పుడు లెమాన్‌లో ఒక డ్రైవర్ మొత్తం 14 గంటలకు మించి నడపకూడదు. ఎంత గొప్ప డ్రైవరైనా సరే, దిగాల్సిందే.

పరీక్షల రోజుల్లో పిల్లలు తమంతట తాము పుస్తకం మూయరు. లెవెగ్‌లాగే ఇంకొంచెం అనుకుంటారు. లైటు ఆపి పడుకోబెట్టే పని మనదే.