స్లోవాక్ భాషా నిర్మాత లుదోవీత్ ష్టూర్

లుదోవీత్ ష్టూర్ 1815లో, నాడు హంగరీ రాజ్యమునకు చెందిన ఉహ్రోవెత్స్ గ్రామమున ఉపాధ్యాయుని యింట జన్మించెను. అప్పటి స్లోవాకులలో ప్రొటెస్టంటులు చెక్ భాషలో వ్రాయుచుండిరి. కథోలికులు 1787లో బెర్నోలాక్ పండితుడు పశ్చిమ మాండలికముపై కూర్చిన భాషను వాడుచుండిరి. జాతి యొకటి, వ్రాతలు రెండు. పైగా హంగేరియన్ భాష యొత్తిడి.

1843లో ష్టూర్, హుర్బాన్, హోజా అను మిత్రులతో కూడి, మధ్యప్రాంతపు మాండలికమును గ్రంథభాషగా నిర్ణయించెను. 1845లో ఆ భాషలో పత్రిక నెలకొల్పి, 1846లో వ్యాకరణమును ప్రకటించెను. చెక్కులును స్లోవాకులును ఒకరి మాట నొకరు సులభముగా గ్రహింతురు గదా, వేరు భాష యేల, ఐకమత్యము చెడునని, స్లోవాకుడే యైన కొల్లార్ కవి ఎదిరించెను. ప్రత్యేక జీవనము గల జనమునకు దాని పలుకే గ్రంథభాష కావలెనని ష్టూర్ వాదము. 1851లో ఉభయ మతములవారును కొద్ది సవరణలతో ఆ భాషనే అంగీకరించిరి.

కడపటి దినములలో ష్టూరే, స్లావులందరికి రష్యన్ ఉమ్మడి గ్రంథభాష కాదగునని తలచెను. 1856లో, వేటలో తన తుపాకియే పేలిన గాయముచే, 40 ఏండ్లకే మోద్రాలో గతించెను. జనము మాత్రము అతడు మొదట చూపిన త్రోవను విడువలేదు. 1993లో ఏర్పడిన స్లోవాకియాకు నేడదియే రాజభాష. పొరుగుభాషకు ఎంత చేరువ యైనను, తమదని చదివి వ్రాయు జనముండిన అది వేరు భాషయే.