పగడపు దీవుల రహస్యము

పగడము నవరత్నములలో నొకటి. పూర్వులలో కొందరు దానిని రాయి యనియు, కొందరు కడలి యడుగున మొలచు చెట్టనియు తలచిరి. నిజమునకు అది చిన్న ప్రాణులు సున్నముతో కట్టుకొనిన గూడు. ఆభరణములలో పొదుగు ఎఱ్ఱపగడమునకు దాయాదులైన మఱికొన్ని జాతులు వెచ్చని సముద్రములలో గూటిపై గూడు కట్టి, ఓడలను సైతము బద్దలు చేయగల గట్టి దిబ్బలను నిర్మించును. మన దేశపు లక్షద్వీపములు అట్టి దిబ్బలపై వెలసినవే. నడిసముద్రమున ఇట్టి దీవులు వలయాకారముగా నేల యేర్పడునో వివరించినవాడు చార్లెస్ డార్విన్.

జీవపరిణామ సిద్ధాంతకర్తగా ప్రసిద్ధి కెక్కిన డార్విన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి పేరుగాంచిన వైద్యుడు. ఎనిమిదేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తండ్రి కోరికపై 1825లో వైద్యము చదువుటకు ఎడింబరో వెళ్ళెను. మత్తుమందు లేని ఆ కాలపు శస్త్రచికిత్సలను చూచి తాళలేక ఆ చదువు మానెను. అయినను సముద్రపుటొడ్డున చిన్న ప్రాణులను ఏరి సూక్ష్మదర్శినితో పరీక్షించు అలవాటు అచ్చటనే అబ్బెను.

తరువాత కేంబ్రిడ్జిలో చదువుచుండగా హెన్‌స్లో అను ఆచార్యుని అభిమానమునకు పాత్రుడయ్యెను. ఆయన మూలమున బీగిల్ అను ఓడలో ప్రపంచయాత్ర చేయు అవకాశము లభించెను. తండ్రి మొదట వలదనెను. మేనమామ నచ్చజెప్పగా అంగీకరించెను. 1831 డిసెంబరు 27వ తేదీన ఓడ బయలుదేరెను. ఓడ ఊగినప్పుడెల్ల తల తిరిగి వాంతులయ్యెడివి. ఆ బాధ అయిదేండ్ల యాత్రలో ఆయనను విడువలేదు. అయినను పని మానలేదు. పలుచని గుడ్డతో సంచి కుట్టించి, ఓడ వెనుక నీట లాగించి, అందు చిక్కిన సూక్ష్మప్రాణులను పరీక్షించెను. 1832 మార్చిలో బ్రెజిలు తీరమున సముద్రము ఎఱ్ఱబారి కనిపించెను. ఆ రంగు లెక్కకు మించిన సూక్ష్మజీవులదని ఆయన గ్రహించెను.

నీట మునిగిన అగ్నిపర్వతముల నోటి అంచులపై పగడములు పెరుగుటచే వలయదీవులు ఏర్పడునని ఆ దినములలో లయల్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వ్రాసియుండెను. డార్విన్ ఆయన గ్రంథమును గురుభావముతో చదివెను. 1835 ఫిబ్రవరి 20వ తేదీన చిలీ దేశమున గొప్ప భూకంపము వచ్చెను. తీరము కొన్ని అడుగులు పైకి లేచినట్లు డార్విన్ కనుగొనెను. భూమి ఒకచోట లేచుచుండగా మఱియొకచోట సముద్రపు అడుగు క్రుంగుచుండవలెనని యోచించెను. పగడపుదిబ్బను కన్నులార చూడకమునుపే ఆయన మనస్సున సిద్ధాంతము రూపుదాల్చెను.

ఆ సిద్ధాంత మిట్టిది. మొదట అగ్నిపర్వతపు దీవి చుట్టును, ఒడ్డునంటి పగడములు పెరుగును. దీవి మెల్లగా క్రుంగును. పగడములు వెలుతురు కొఱకు పైపైకి కట్టుకొనుచు పోవును. అప్పుడు దీవికిని దిబ్బకును నడుమ నీరు నిలుచును. తుదకు దీవి పూర్తిగా మునుగును. పగడపు వలయము మాత్రము మిగులును.

1836 ఏప్రిల్‌లో బీగిల్ ఓడ హిందూమహాసముద్రములోని కీలింగ్ దీవులను చేరెను. ఓడ నాయకుడు ఫిట్జ్‌రాయ్ క్రొవ్వు పూసిన సీసపు గుండును త్రాటికి కట్టి లోతులు కొలిపించెను. తక్కువ లోతున గుండుకు సజీవమైన పగడముల గుర్తులు అంటెను. సుమారు 180 అడుగులు దాటిన పిమ్మట ఇసుకయే వచ్చెను. తీరమునకు 2,200 గజముల దూరమున 7,200 అడుగుల త్రాడు విడిచినను అడుగు తగులలేదు. లోతున బ్రతుకలేని పగడములు అంత లోతునుండి లేచిన కట్టడమునకు శిఖరమెట్లయినవి? క్రింది నేల క్రుంగుటయే కారణమని డార్విన్ నిశ్చయించెను.

స్వదేశము చేరిన పిదప 1837లో ఈ విషయమును పండితసభలో వినిపించెను. లయల్ తన అభిప్రాయమును సంతోషముతో విడిచిపెట్టెను. తప్పు తెలిసినంతనే ఒప్పుకొను విద్వాంసుడు శిష్యునకు లభించుట భాగ్యము. 1842లో డార్విన్ గ్రంథము వెలువడెను. అయినను జాన్ మఱ్ఱే మొదలగువారు తరువాత ఈ వాదమును ఎదిరించిరి. వివాదము తీరకముందే, 1882 ఏప్రిల్ 19వ తేదీన డార్విన్ కన్నుమూసెను.

ఆయన వాదము నిజమైనచో దిబ్బను తొలిచినపుడు చాల లోతువఱకు పగడమును, దాని క్రింద అగ్నిపర్వతశిలయు కనబడవలెను. 1896 నుండి 1898 వఱకు ఫునాఫుటి దీవిలో సుమారు 340 మీటర్లు తొలిచినను ఆ శిల తగులలేదు. 1952లో ఎనివెటాక్ దీవిలో 1,200 మీటర్లకు పైగా తొలువగా అది తగిలెను. నెల్లూరు మండలమందలి ఉదయగిరి కొండ నిలువునా మునుగునంతటి మందము పగడపు సున్నపుఱాయి యే! మంచుయుగములలో సముద్రమట్టము హెచ్చుతగ్గులగుట కూడ దిబ్బల రూపమును మార్చినదని తరువాతి శాస్త్రజ్ఞులు చేర్చిరి.

పగడపుప్రాణి దేహమందు సూక్ష్మమైన నాచుమొక్కలు నివసించి, ఎండ వెలుతురుతో ఆహారము వండి దానికి పెట్టునని నేడు తెలియవచ్చినది. లోతున పగడము బ్రతుకలేకపోవుటకు ఇదియే ముఖ్యకారణము. నీరు మితిమీరి వేడెక్కినచో ఈ చెలిమి చెడి, పగడము తెల్లబడి నశించును.

నూరేండ్లు దాటిన పిదప నిజమని తేలిన వాదమునకు మూలము ఒక యువకుని ఓర్పు. కంటికి కనబడినదానిని కొలిచి, కనబడనిదానిని తర్కముతో ఊహించి, ఋజువు కొఱకు వేచియుండుటయే శాస్త్రమార్గము.