పోగు తెగితే ఆగే మగ్గం: సకిచి టొయోడా జీవితం

బట్టను గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మన పెద్దలు రెండు మాటలు తప్పక వాడుతారు. తెలుగులో పడుగు, పేక. ఉర్దూలో తానా, బానా. మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టిన పోగులు పడుగు. వాటి నడుమ అడ్డంగా పోయి వచ్చే పోగు పేక. ఆ పేకను మోసుకొని పోయే చిన్న పడవ వంటి సాధనం నాడె. నాడె కడుపులో నూలు చుట్టిన కండె ఉంటుంది. ఈ నాలుగు మాటలు తెలిసిన విద్యార్థికి ఈ వ్యాసంలోని యంత్రరహస్యం సగం తెలిసినట్లే. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో పేటెంటు పొందిన యంత్రాలలో మిక్కిలి కీర్తి గడించిన ఒక మగ్గం రెండు ప్రశ్నల నుండి పుట్టినది: పోగు తెగినప్పుడు ఏమి చేయాలి? కండె అయిపోయినప్పుడు ఏమి చేయాలి? ఆ రెండు ప్రశ్నలకు నలభై ఏండ్ల జీవితాన్ని ధారపోసినవాడు జపాను దేశీయుడైన సకిచి టొయోడా. ఆయన ఇంటిపేరును ఒక్క అక్షరం మార్చి పెట్టిన టొయోటా అనే మాటను నేడు ఎరుగనివారు లేరు. గల్ఫు దేశాలకు వెళ్ళివచ్చిన మనవారిలో ఆ పేరు గల బండిని నడిపినవారు ఎందరో ఉన్నారు. ఆ పేరు మోటారు బండికన్న ముందు మగ్గం మీద ఉండినదని తెలిసినవారు మాత్రం తక్కువ.

సకిచి 1867 ఫిబ్రవరి 14న షిజువోకా ప్రాంతంలోని యమగుచి అనే పల్లెలో జన్మించినాడు. అది నేడు కొసాయి నగరంలో భాగం. మరుసటి ఏడాదే జపానులో షోగునుల పాలన అంతరించి మెయిజీ యుగం ప్రారంభమైనది. అనగా ఆయన పాత జపానులో పుట్టి కొత్త జపానులో పెరిగిన తరానికి చెందినవాడు. తండ్రి ఇకిచి వ్యవసాయం చేస్తూ వడ్రంగం పని కూడ చేసేవాడు. పల్లె బడిలో కొద్దిపాటి చదువు ముగియగానే సకిచి తండ్రి వద్ద బాడిత, ఉలి పట్టినాడు. ఆ ప్రాంతంలో ప్రత్తి నేత ఇంటింటి వృత్తి. తల్లి ఇంటి మగ్గం మీద నేసేది. ఒక చేత నాడెను విసరాలి, మరొక చేత దానిని అందుకోవాలి, ఆ వెంటనే దువ్వెన వంటి పన్నెతో పేకను దట్టించాలి. పొద్దస్తమానం శ్రమించినా పెరిగే బట్ట స్వల్పం. సిరిసిల్లలోనో, పోచంపల్లిలోనో, చీరాలలోనో నేతవారి ఇంట పుట్టిన విద్యార్థికి ఈ దృశ్యాన్ని వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు.

1885లో జపాను ప్రభుత్వం పేటెంటు శాసనం చేసినది. కొత్త సాధనాన్ని కనుగొన్నవానికి దానిపై కొంతకాలం ఏకైక హక్కు నిచ్చే చట్టం అది. అప్పటికి సకిచి వయస్సు పద్దెనిమిది ఏండ్లు. ధనం గాని, పెద్ద చదువు గాని, వంశగౌరవం గాని లేని పల్లెటూరి యువకునికి బుద్ధిబలం ఒక్కటే ఆస్తి కాగలదని చెప్పిన మొదటి శాసనం అది. ఆ కబురు ఆయనను కుదురుగా కూర్చుండనీయలేదు. కొడుకు కులవృత్తి మానుకొని మగ్గాలను విప్పుతూ బిగిస్తూ కాలం గడుపుతున్నాడని తండ్రికి కష్టంగా ఉండేది. ఊరివారికి అది వింతగా ఉండేది. 1890లో టోక్యోలోని ఉయేనోలో జాతీయ పారిశ్రామిక ప్రదర్శన జరిగినప్పుడు ఆయన అచ్చటికి పోయి, దినదినం యంత్రాల ముందు నిలబడి వాటి కదలికలను పరిశీలించినాడు. అదే ఏడాది తన తొలి కొయ్య మగ్గాన్ని పూర్తి చేసినాడు. 1891 మే నెలలో దానికి పేటెంటు లభించినది. ఈ మగ్గంలో రెండు చేతుల పనిని ఒక చేయి చేయగలదు. పన్నెను ముందుకు వెనుకకు ఆడిస్తే చాలు, నాడె తనంతట తానే అటునిటు పరుగెత్తుతుంది. పని నలభై, యాభై శాతం పెరిగినది. బట్ట కూడ సమంగా వచ్చినది.

పేటెంటు పత్రం చేతికి వచ్చినది గాని అన్నం రాలేదు. టోక్యోలో చిన్న నేతశాల పెట్టి, ఏడాది తిరిగేసరికి మూసివేసినాడు. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత 1894లో నూలు చుట్టే యంత్రం ఒకటి కనిపెట్టినాడు. ఆయనకు మొదట నాలుగు రాళ్ళు తెచ్చిపెట్టినది అదే. ఆ ఏడాదే కుమారుడు కీచిరో జన్మించినాడు. కాని రాత్రింబవళ్ళు యంత్రాల ధ్యాసలో మునిగి సంసారం పట్టించుకోని భర్తతో వేగలేక, బిడ్డ పుట్టిన కొద్ది నెలలకే భార్య తామి ఆ ఇల్లు విడిచిపోయినది. పసివాడు తాత, నాయనమ్మల వద్ద పెరిగినాడు. మహాపురుషుల జీవితాలు వ్రాసేవారు ఇటువంటి ఘట్టాలను ఒక్క వాక్యంతో దాటిపోతుంటారు. ఆ మగ్గానికి చెల్లించిన మూల్యంలో తామి పాలు, పసిబిడ్డ పాలు కూడ ఉన్నవని నేననుకుంటాను. తరువాత సకిచి అసాకో అనే ఆమెను వివాహమాడినాడు. భర్త ప్రయోగశాలలో ఉండగా వ్యవహారం చూచుకొనిన సమర్థురాలు ఆమె.

1896లో ఆవిరి శక్తితో నడిచే మరమగ్గాన్ని ఆయన నిర్మించినాడు. జపాను దేశీయుడు తయారుచేసిన మొదటి మరమగ్గం అది. దానికి 1898లో పేటెంటు వచ్చినది. విదేశీ మగ్గాలన్నీ ఇనుముతో చేసినవి, మిక్కిలి ఖరీదైనవి. ఈ వడ్రంగి తన మగ్గం చట్రాన్ని కొయ్యతో చేసి, అవసరమైన చోట మాత్రమే ఇనుము వాడినాడు. అందువల్ల చిన్న నేతశాలలవారు కూడ కొనగలిగినారు. పైగా కిమోనోకు వాడే బట్ట పన్నా తక్కువ. ఆ పన్నాకు తగినట్లే మగ్గం ఉన్నది. అయితే అసలు విశేషం మరొకటి. చేతి మగ్గం మీద పేక తెగితే నేసేవాని కన్ను పట్టుకుంటుంది. మరమగ్గానికి కన్ను లేదు. పేక తెగినా వట్టి నాడె పరుగెత్తుతూనే ఉంటుంది, బట్ట చెడుతూనే ఉంటుంది. కాబట్టి ప్రతి మగ్గం వద్ద ఒక మనిషి కావలి ఉండవలసినదే. సకిచి మగ్గంలో పేక తెగిన మరుక్షణం యంత్రమే నిలిచిపోయే ఏర్పాటు ఉన్నది. తప్పు జరిగినప్పుడు పని సాగించకుండ ఆగిపోవడమనే ఈ గుణాన్ని తరువాత ఆ సంస్థవారు తమ కర్మాగారాలన్నిటికీ మూలసూత్రంగా చేసుకొన్నారు. మానవస్పర్శ గల స్వయంచాలకత్వం అనే అర్థంలో దానిని జిదోకా అని పిలుస్తారు. నేటికీ యాజమాన్యశాస్త్రం చదివే విద్యార్థులు ఆ మాటను పరీక్షలలో వ్రాస్తున్నారు.

ఆయన మగ్గం మీద నేసిన బట్ట నాణ్యతను చూచి మిత్సుయి వర్తక సంస్థవారు ముందుకు వచ్చినారు. 1899లో వారి ధనంతో ఒక కంపెనీ ఏర్పడినది. కొంతకాలానికే వ్యాపారం మందగించినది. ప్రయోగాలకు ఖర్చు చేయరాదన్నారు. సకిచి బయటికి వచ్చినాడు. 1903లో మగ్గం నడుస్తుండగానే నాడెను మార్చే సాధనాన్ని రూపొందించినాడు. 1906లో వృత్తాకార మగ్గానికి పేటెంటు పొందినాడు. 1907లో మరల పెద్ద ధనికులు చేరి ఆయన పేరే పెట్టి మగ్గాల కంపెనీ స్థాపించినారు. మరల అదే కథ. పూర్తిగా పరీక్షించనిదే కొత్త మగ్గాన్ని బజారులో పెట్టరాదని ఆయన పట్టుదల. పరీక్షలకు అయ్యే ఖర్చు నష్టమని వాటాదారుల లెక్క. 1910లో ఆ కంపెనీ నుండి రాజీనామా చేయక తప్పలేదు. పేరు తనది, మగ్గం తనది, అధికారం మాత్రం పెట్టుబడి పెట్టినవారిది. పేటెంటు శాసనం కొత్త సాధనాన్ని దొంగల నుండి కాపాడగలదు గాని, దానిని సృష్టించినవానిని భాగస్వాముల నుండి కాపాడలేదు.

మనస్సు విరిగి ఆయన ఆ ఏడాదే అమెరికాకు ఓడ ఎక్కినాడు. అచ్చట నార్త్రప్ మగ్గాలను చూచినాడు. ఇవి అప్పటికి ప్రపంచ ప్రసిద్ధమైన స్వయంచాలక మగ్గాలు. వీటిలో కండె అయిపోగానే నాడెలోని కండె మారుతుంది. తన పద్ధతిలో నాడెకు నాడెనే మారుతుంది. చూచినకొద్దీ తన మగ్గం వీటికి తీసిపోదన్న విశ్వాసం ఆయనకు కలిగినది. న్యూయార్కులో స్థిరపడిన జపాను రసాయన శాస్త్రవేత్త తకమినె జోకిచి ఆయనను ఆదరించి, కనుగొన్నవాడు తన సాధనం పూర్తిగా ఉపయోగంలోకి వచ్చేవరకు దానిని విడువరాదని హితబోధ చేసినాడు. ఆ దేశపు వీధులలో తిరుగుతున్న మోటారు బండ్లు కూడ ఆయన దృష్టిని ఆకర్షించినవి. తరువాత ఇంగ్లండును చూచి, 1911 ప్రారంభంలో స్వదేశం చేరినాడు.

ఈసారి ఆయన పరుల ధనంపై ఆధారపడలేదు. నగోయాలో తన సొంత నేతశాల పెట్టినాడు. బట్ట అమ్మగా వచ్చిన లాభం ప్రయోగాలకు పోతుంది. ప్రయోగంలో తేలిన మగ్గం ఆ శాలలోనే పరీక్షకు నిలుస్తుంది. మగ్గాన్ని పరీక్షించాలంటే నూలు బాగుండాలి. పోగు చెడ్డదైతే తెగినది మగ్గం తప్పు వల్లనో, నూలు తప్పు వల్లనో తేలదు. అందుకని నూలు వడికే యంత్రాలు కూడ పెట్టించినాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గిరాకీ పెరిగి నేతశాల వర్ధిల్లినది. 1918లో అది పెద్ద కంపెనీ అయినది. 1921లో చైనాలోని షాంఘైలో కూడ మిల్లు స్థాపించినాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో యంత్రశాస్త్ర పట్టభద్రుడైన కీచిరో తండ్రితో చేరినాడు. బడి చదువు లేని తండ్రి అనుభవానికి చదువుకొన్న కొడుకు లెక్కలు తోడైనవి.

1924లో జి రకం మగ్గం పూర్తి అయినది. పూర్తి వేగంతో నడుస్తున్న మగ్గంలో, రెప్పపాటు కూడ ఆగకుండ, ఖాళీ అయిన నాడె బయటికి పోయి నిండు నాడె లోనికి వచ్చి చేరుతుంది. పడుగు పోగు ప్రతిదానికి ఒక పలుచని లోహపు రేకు వ్రేలాడుతూ ఉంటుంది. పోగు తెగితే రేకు క్రిందికి జారుతుంది, మగ్గం నిలుస్తుంది. ఇన్నాళ్ళ చిక్కుముడి ఇంత చిన్న రేకుతో విడిపోయినది. ఒక్క మనిషి 30 నుండి 50 మగ్గాలను చూచుకొనగలిగినాడు. వీటిని తయారు చేయడానికి 1926లో కరియాలో కర్మాగారం వెలసినది. 1929 డిసెంబరులో ఇంగ్లండులోని ఓల్డ్‌హాంకు చెందిన ప్లాట్ సోదరుల సంస్థ ఈ మగ్గం పేటెంటు హక్కులకు లక్ష పౌండ్లు ఇవ్వడానికి ఒప్పందం చేసుకొన్నది. జపాను, చైనా, అమెరికా మినహా తక్కిన దేశాలకు ఆ హక్కులు వర్తిస్తాయి. మరమగ్గాన్ని లోకానికి పరిచయం చేసిన ఇంగ్లండు, ఒక జపాను వడ్రంగి మగ్గానికి వెల కట్టిన సందర్భం అది. ఆర్థిక మాంద్యం వచ్చి ఆ మొత్తం తరువాత కొంత తగ్గినది. ఆ సొమ్ముతోనే మోటారు పరిశ్రమ పుట్టినదని లోకంలో ఒక కథ ఉన్నది. కథ అందమైనదే గాని, అంత పెద్ద పరిశ్రమకు ఆ సొమ్ము ఏ మూలకు?

ఒక మనిషి ముప్పై మగ్గాలను చూచినప్పుడు తక్కిన ఇరవై తొమ్మిది మందీ ఏమైనారని విద్యార్థులు అడుగవచ్చు. అడగాలి కూడ. ఆ కాలపు జపాను మిల్లులలో పనిచేసినవారు అధికంగా పల్లెల నుండి వచ్చిన ఆడపిల్లలు. అక్కడ స్త్రీలచేత రాత్రి పని చేయించరాదన్న నిబంధన అమలులోకి వచ్చినది 1929లోనే. పని గంటలు తగ్గినప్పుడు తక్కువ మందితో ఎక్కువ బట్ట తీసే మగ్గం యజమానులకు వరమైనది. ఆ బట్ట మన దేశానికి కూడ వచ్చినది. జపాను గుడ్డ చవుకగా వచ్చి పడుతున్నదని 1933లో భారత ప్రభుత్వం దానిపై సుంకాన్ని 75 శాతానికి పెంచినది. జపాను మిల్లులవారు మన ప్రత్తిని కొనమన్నారు. 1934లో రాజీ కుదిరినది. ఆ పోటీలో మన చేనేతవారు నలిగినారు. సకిచి తన తల్లి శ్రమను తగ్గించాలని మొదలుపెట్టిన పని, వేల మైళ్ళ దూరంలో మరొక తల్లి మగ్గాన్ని మూలపడవేసినది. ఇందుకు ఆయనను నిందించడం న్యాయం కాదు. ఈ విషయాన్ని మరుగుపరచి ఆయనను కీర్తించడం కూడ న్యాయం కాదు.

సకిచి 1930 అక్టోబరు 30న అరవై మూడవ ఏట మరణించినాడు. కీచిరో 1933లో మగ్గాల కర్మాగారంలోనే మోటారు విభాగం తెరచినాడు. 1936లో బండ్ల పేరు టొయోటాగా మారినది. జపాను లిపిలో ఆ మాటకు ఎనిమిది గీతలు పడతాయి, ఎనిమిది వారికి శుభసంఖ్య. 1937లో మోటారు కంపెనీ వేరుగా ఏర్పడినది. 1985లో పేటెంటు శాసనానికి నూరేండ్లు నిండినప్పుడు జపాను ప్రభుత్వ పేటెంటు కార్యాలయం పదిమంది మహా ఆవిష్కర్తలను ఎన్నుకొన్నది. వారిలో సకిచి ఒకడు.

ఇక వృత్తాకార మగ్గం మాట. నాడె అటు పోయి, ఆగి, ఇటు రావడంలో శక్తి వృథా అవుతున్నదని, అది ఆగకుండ గుండ్రంగా తిరిగితే చప్పుడు తగ్గి బట్ట పన్నా పెరుగుతుందని సకిచి ఆలోచన. 1906లో పేటెంటు పొందిన తరువాత కూడ చాలాకాలం దానిని సంస్కరిస్తూనే ఉన్నాడు. కాని అది వ్యాపారంలో ఎన్నడూ స్థిరపడలేదు. 1911లో ఆయన నేతశాల పెట్టిన స్థలంలోనే, నగోయాలో, 1994లో ఒక మ్యూజియం తెరచినారు. అచ్చట ప్రవేశించగానే ఎదురుగా కనిపించేటట్లు నిలిపినది కోట్లు గడించిన జి రకం మగ్గాన్ని కాదు, కాసు తేని ఆ గుండ్రని మగ్గాన్ని.