మన పక్క ఊరి మహాకవి – గురజాడ అప్పారావు

అరకు నుంచి ఘాట్ దిగి శృంగవరపుకోట దాటితే విజయనగరం. అడ్మిషన్లకనీ, పరీక్షలకనీ ఆ ఊరు వెళ్ళొచ్చిన హాస్టలు మిత్రులు చాలామందే ఉంటారు. తెలుగులో ఇంతకు మించిన నాటకం రాలేదని పెద్దలు చెప్పే కన్యాశుల్కం పుట్టింది ఆ ఊళ్ళోనే. బడిలో మనమంతా పాడిన దేశభక్తి గేయం రాసింది కూడా ఆ నాటకకర్తే.

గురజాడ వెంకట అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న ఎస్.రాయవరంలో, మేనమామ గారింట పుట్టారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి కావడం వల్ల చిన్నతనం చీపురుపల్లిలో గడిచింది. తర్వాత పై చదువుకు విజయనగరం వచ్చారు. అక్కడ మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఆ కుర్రాడికి ఉచితంగా భోజనం, వసతి ఇచ్చి చదివించారు. ఒకరకంగా ఆయనా హాస్టలు విద్యార్థే. కాకపోతే ఆ హాస్టలుకు వార్డెనూ, మెస్సూ, స్టడీ అవరూ అన్నీ ఒక్క శాస్త్రి గారే!

1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. ఆ ఏడే నెలకు 25 రూపాయల జీతం మీద హైస్కూల్లో మాస్టరు. ఉద్యోగం చేసుకుంటూనే 1886లో బి.ఏ. కొన్నాళ్ళు డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కుగా పనిచేసి, 1887లో తను చదివిన కళాశాలలోనే లెక్చరరయ్యారు. మహారాజు ఆనంద గజపతి గారికి ఆయన తెలివి నచ్చింది. సంస్థానం కొలువు అలా మొదలైంది.

ఆ రోజుల్లో ఈ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లల్ని డబ్బు తీసుకుని ముసలివాళ్ళకు కట్టబెట్టే ఆచారం ఉండేది. మహారాజు విశాఖపట్నం జిల్లాలో లెక్క తీయిస్తే మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. వాటిలో 99 మంది పెళ్ళికూతుళ్ళకు అయిదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు, ముగ్గురికి ఒక్క ఏడు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. మాస్టరు గారి పదహారు నెలల జీతమన్నమాట. ముసలి మొగుడు పోతే ఆ పిల్ల జన్మంతా విధవగా ఉండిపోవాలి. ఈ లెక్కలన్నీ గురజాడ నాటకం ముందుమాటలో రాశారు.

ఇది చదివినప్పుడు నన్నొక ప్రశ్న చాలాకాలం వదల్లేదు. మన కొండల్లోనూ ఓలి ఇస్తారు కదా, అదీ కన్యాశుల్కమేనా? నాకు తోచింది చెబుతాను. మనవాళ్ళు ఓలి పుచ్చుకునేది ఎదిగిన పిల్లకు, పొలంలో అడవిలో పనిచేసే మనిషికి. మొగుడు పోయినా మారుమనువుకు అడ్డు లేదు. గురజాడ కోపమంతా పసిపిల్లను అమ్మడం మీద, ఆమె బతుక్కి మళ్ళీ తలుపు తియ్యకపోవడం మీద. అలాగని ఓలి బేరాల్లో ఆడపిల్లను అడిగేవాళ్ళెవరని ఎవరైనా ప్రశ్నిస్తే నా దగ్గర గట్టి జవాబు లేదు. దీని మీద హాస్టల్లో చర్చ పెడితే బాగుంటుంది.

నాటకాన్ని 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. గురజాడ అంతటితో ఊరుకోలేదు. మొత్తం తిరగరాసి, పెంచి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. అందులో మధురవాణి అనే వేశ్య పాత్రకు ఇచ్చిన తెలివీ, మంచితనమూ పెద్దమనుషులెవరికీ ఇవ్వలేదు!

అన్నిటికంటె నాకిష్టమైంది ఆ నాటకంలో భాష. రాజులూ దేవుళ్ళూ గ్రాంథికం మాట్లాడే నాటకాల కాలంలో ఆయన ఉత్తరాంధ్ర నోటి మాటను స్టేజి ఎక్కించారు. నౌకరు మాట వేరు, అగ్రహారం మాట వేరు, గిరీశం ఇంగ్లీషు కలిపిన మాట వేరు. మా ఇంట్లో మాట్లాడేది కువి. పి.జి.లో చేరిన కొత్తలో నేను తెలుగులో నోరు తెరిస్తే వెనక బెంచీలో నవ్వేవారు. కన్యాశుల్కం రెండోసారి చదివాక ఆ నవ్వు నన్ను పెద్దగా బాధపెట్టలేదు.

ఈ భాషా పోరాటంలో ఆయన తోడు గిడుగు రామమూర్తి గారు, విజయనగరంలో కలిసి చదువుకున్న స్నేహితులు. పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం వారి భాషలోనే పుస్తకాలు రాసిన గిడుగు ఈయనే. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. పుస్తకం లేని భాషకు విలువ లేదనుకునే కాలంలో ఒక కొండభాషకు ఆ గౌరవం దక్కింది. గురజాడ తన వంతుగా 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చి వాడుక భాష పక్షాన నిలబడ్డారు. మరుసటి ఏడు నవంబరు 30న కన్నుమూశారు. వయసు 53.

నాటకం మాత్రం నటుల నోట బతికింది. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు మధురవాణి వేశారు. 1955 సినిమాలో ఎన్.టి.ఆర్. గిరీశం, సావిత్రి మధురవాణి, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. కానీ విజయనగరంలో అడిగితే ముందు చెప్పేది జె.వి. సోదరుల పేరే. తమ్ముడు రమణమూర్తి గిరీశం, అన్న సోమయాజులు రామప్పపంతులు. వందలసార్లు ఆడారు. 1980లో శంకరాభరణం సినిమాతో దేశమంతా తెలిసిన శంకరశాస్త్రి ఈ రామప్పపంతులే. అప్పటికాయన డిప్యూటీ కలెక్టరు. గురజాడ హెడ్ క్లర్కుగా పనిచేసిన ఆఫీసు గుర్తుందిగా! ఈ నాటకంలో గొంతు చించుకుని పద్యం పాడితే చప్పట్లు రావు. పక్కింటివాడితో మాట్లాడినట్టు మాట్లాడాలి. అదే కష్టమని ఆడినవాళ్ళంటారు.

తమ్ముళ్ళకొక మాట. మొదటి అంకంలో గిరీశం, వెంకటేశం కలుసుకునే ఘట్టానికి ఇద్దరు కుర్రాళ్ళు చాలు. సెట్టింగు అక్కర్లేదు, ఒక చుట్ట ఉంటే సరి, వెలిగించకుండా. వచ్చే వార్షికోత్సవానికి వేసేటట్టయితే రిహార్సల్సుకు నేనొస్తాను.