విలియం హార్వే

విలియం హార్వే (ఏప్రిల్ 1, 1578 – జూన్ 3, 1657) ఇంగ్లండు దేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త. గుండె పంపువలె పనిచేసి రక్తాన్ని దేహమంతటికీ పంపుతుందనీ, ఆ రక్తమే తిరిగి గుండెకు చేరుతుందనీ ప్రయోగపూర్వకంగా నిరూపించినవాడు ఈయనే. రమారమి 1,400 సంవత్సరాలపాటు ఐరోపా వైద్యులు తిరుగులేనిదిగా భావించిన సిద్ధాంతం ఈయన పరిశోధనతో తలక్రిందులైంది.

బాల్యం, విద్య

హార్వే ఇంగ్లండు ఆగ్నేయ తీరాన కెంట్ ప్రాంతంలోని ఫోక్‌స్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ వ్యాపారస్తుడు. తొమ్మిదిమంది సంతానంలో విలియం జ్యేష్ఠుడు. కాంటర్‌బరీలోని కింగ్స్ స్కూలులో చదివి, 1593లో కేంబ్రిడ్జిలోని గాన్విల్ అండ్ కీస్ కళాశాలలో చేరి, 1597లో పట్టభద్రుడయ్యాడు. అనంతరం వైద్యవిద్య కోసం ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడి గురువు ఫాబ్రిషియస్ సిరలలో చిన్న చిన్న కవాటాలు ఉండడాన్ని విద్యార్థులకు చూపించేవాడు. అవి రక్తపు వేగాన్ని తగ్గించడానికే ఉన్నాయని గురువు తలచాడు. వాటి అసలు ప్రయోజనం శిష్యుని ద్వారా తరువాత వెల్లడయింది. 1602లో హార్వే డాక్టరు పట్టా పొంది స్వదేశానికి తిరిగి వచ్చాడు.

1604లో రాజవైద్యుడు లాన్సెలాట్ బ్రౌన్ కుమార్తె ఎలిజబెత్‌ను వివాహమాడాడు. వారికి సంతానం లేదు. 1609లో లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో వైద్యుడయ్యాడు. తరువాత మొదటి జేమ్స్, మొదటి ఛార్లెస్ రాజులకు వైద్యుడుగా పనిచేశాడు.

అంతకు పూర్వపు అభిప్రాయాలు

క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్ ప్రకారం, తిన్న ఆహారం నుండి కాలేయం రక్తాన్ని తయారుచేస్తుంది. అవయవాలు దానిని ఎప్పటికప్పుడు వినియోగించుకుంటాయి. గుండె కుడి, ఎడమ భాగాల మధ్యనున్న గోడలో కంటికి కనబడని రంధ్రాలుంటాయనీ, వాటి ద్వారా కొంత రక్తం కుడి ప్రక్క నుండి ఎడమ ప్రక్కకు ఇంకుతుందనీ ఆయన భావించాడు. ఆ గోడలో రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ ప్రక్కకు చేరుతుందనీ 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్, 16వ శతాబ్దంలో సెర్వెటస్, కొలంబో వ్రాశారు. అయితే దేహమంతటా సాగే ప్రసరణను వారెవరూ నిరూపించలేదు.

ప్రయోగాలు

హార్వే ఎన్నో జంతువుల గుండెలను పరిశీలించాడు. వేగంగా కొట్టుకునే గుండెలో ఏ కదలిక ముందో, ఏది తరువాతో తెలియదు. కనుక నెమ్మదిగా కొట్టుకునే పాము, కప్ప, చేప వంటివాటి గుండెలను ఎంచుకున్నాడు. పాములో గుండెకు రక్తం తెచ్చే సిరను నొక్కిపట్టగా గుండె ఖాళీ అయి పాలిపోయింది. గుండె నుండి వెలువడే ధమనిని నొక్కిపట్టగా గుండె ఉబ్బిపోయింది.

మనిషి చేతికి గట్టిగా కట్టు కట్టినపుడు మణికట్టువద్ద నాడి ఆగి, చేయి చల్లబడింది. కట్టు కొంత సడలించగా లోతుగా ఉన్న ధమనుల ద్వారా రక్తం దిగి, పైనున్న సిరలు ఉబ్బాయి. అంటే రక్తం ధమనుల ద్వారా వచ్చి సిరల ద్వారా మరలిపోతున్నదన్నమాట. సిరలలోని కవాటాలు రక్తాన్ని గుండె వైపునకే పోనిస్తాయని కూడా ఆయన గ్రహించాడు.

అన్నిటికంటె బలమైన ఆధారం ఒక చిన్న లెక్క. ఒక్కొక్క స్పందనకు అర ఔన్సు రక్తమే బయటికి పోతుందనుకున్నా, అరగంటలో వెయ్యి స్పందనలకు 500 ఔన్సులు, అనగా దాదాపు 15 కిలోల రక్తం అవుతుంది. దేహంలో ఉన్న రక్తమంతా కలిపినా అంత ఉండదు. తిన్న ఆహారం నుండి అంత రక్తం తయారుకావడం అసాధ్యం. కాబట్టి ఉన్న రక్తమే మరల మరల తిరుగుతూ ఉండాలి.

గుండె గదులలో రక్త మార్గం

నేడు మనకు తెలిసిన మార్గం ఇది. దేహమంతటా తిరిగి ప్రాణవాయువు తగ్గిన రక్తం బృహత్ సిరల ద్వారా కుడి కర్ణికకు చేరుతుంది. త్రిపత్ర కవాటం దాటి కుడి జఠరికలోనికి, అక్కడి నుండి పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు వెళుతుంది. అక్కడ ప్రాణవాయువును గ్రహించి పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు వస్తుంది. ద్విపత్ర కవాటం దాటి ఎడమ జఠరికలో ప్రవేశించి, బృహద్ధమని ద్వారా దేహమంతటికీ పోతుంది. విశ్రాంతిలో ఉన్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని ఇట్లు పంపుతుంది.

గ్రంథం, వ్యతిరేకత

హార్వే తన సిద్ధాంతాన్ని 1628లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో లాటిను భాషలో ప్రచురించాడు. డె మోటు కోర్డిస్ అని వ్యవహరించే ఈ చిన్న పుస్తకంలో 72 పుటలే ఉన్నాయి. గ్రంథం వెలువడిన తరువాత ఆయన వైద్యవృత్తి దెబ్బతిన్నదనీ, సామాన్యులు ఆయనను మతిచలించినవాడుగా భావించారనీ సమకాలికుడైన జాన్ ఆబ్రే నమోదు చేశాడు. పారిస్ పండితుడు రియోలాన్ ఆక్షేపణలకు 1649లో హార్వే సమాధానం ప్రచురించాడు.

చివరి రోజులు

1642లో అంతర్యుద్ధం మొదలైనపుడు హార్వే రాజు వెంట ఉన్నాడు. లండనులోని ఆయన నివాసాన్ని సైనికులు కొల్లగొట్టగా, కీటకాలపై ఏండ్ల తరబడి వ్రాసుకున్న పత్రాలు పోయాయి. ఆ నష్టం ఆయనను జీవితాంతం బాధించింది. 1651లో జంతువుల పుట్టుక, పిండాభివృద్ధి గురించిన గ్రంథం వెలువరించాడు. 1654లో వైద్యుల కళాశాల అధ్యక్ష పదవికి ఎన్నుకోగా వృద్ధాప్యం కారణంగా నిరాకరించాడు. 1657లో 79వ ఏట మరణించాడు. ఎసెక్స్ ప్రాంతంలోని హెంప్‌స్టెడ్ చర్చిలో ఈయన సమాధి ఉంది.

ధమనుల నుండి సిరలకు రక్తం ఏ దారిన చేరుతుందో హార్వే చూడలేకపోయాడు. దారి ఉండితీరాలని మాత్రం తర్కంతో నిశ్చయించాడు. ఆయన మరణించిన నాలుగేండ్లకు, 1661లో, ఇటలీ శాస్త్రవేత్త మాల్పిఘి సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులలో రక్తకేశనాళికలను కనుగొనడంతో ఆ లోటు తీరింది.