ఆకాశానికి ఖర్చు పెట్టిన నవాబు



మన సంఘానికి ఏటేటా వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులలో ఇంజనీరింగు, డాక్టరీ చదువులవే ఎక్కువ. ఫిజిక్సో, మాథ్సో చదివి పరిశోధన చేస్తామనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. దాంతో ఏం ఫాయిదా అని పెద్దలు అడుగుతుంటారు. అట్టి పెద్దల కోసమే ఒక నవాబు గారి జీవితాన్ని ఇక్కడ మనవి చేస్తున్నాము.

నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ హైదరాబాదు సంస్థానంలోని పాయిగా ప్రభువుల వంశీయులు. ఇంగ్లండులో చదువుకున్నారు. అక్కడే ఖగోళశాస్త్రం మీద మనసు పడింది. ఆయన హోదాలో ఉన్నవాళ్లు మేడలు కట్టిస్తారు, గుర్రాలు కొంటారు. ఈయన మాత్రం విలాయతు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించి, 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టారు.

1907లో నవాబు గారు కన్నుమూశారు. ఆయనతోనే ఆ పని ఆగిపోవలసింది. కాని తన తర్వాత అది ప్రభుత్వం చేతిలో ఉండాలన్నది ఆయన కోరిక. 1908లో నిజాం ప్రభుత్వ ఆర్థిక శాఖ వేధశాలను తీసుకొని డైరెక్టరును నియమించింది. తర్వాత అది బేగంపేటకు మారింది.

ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో పలు దేశాలవారు కలిసి నిశ్చయించారు. ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క భాగం పంచారు. చిలీ దేశంలోని సాంటియాగో చేయలేకపోయిన భాగం మన హైదరాబాదుకు వచ్చింది. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. టి. పి. భాస్కరన్ గారు డైరెక్టరుగా ఏళ్ల తరబడి ఆ పని సాగించారు. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చు వేశారు. దాంతో ఎకరానికి ఒక్క పుట్టి కూడా ఎక్కువ పండలేదు. అయినా ప్రభుత్వం జీతాలు ఇస్తూనే వచ్చింది.

ఫలితం ఎప్పుడు కనిపించిందో చూడండి. 1989లో ఐరోపావారు నక్షత్రాలను కొలిచే ఉపగ్రహం పంపారు. నక్షత్రం కదలిక మహా స్వల్పం. అది తెలియాలంటే ఇప్పటి కొలత ఒక్కటే చాలదు, పాతది కూడా కావాలి. అప్పుడు ఈ పాత పట్టికలే అక్కరకు వచ్చాయి. 2000లో వెలువడిన 25 లక్షల నక్షత్రాల పట్టికలో మన హైదరాబాదు కొలతల పాలు కూడా ఉంది. నవాబు గారు పోయి అప్పటికి 93 ఏళ్లు.

అంతకాలం ఏ షావుకారు ఆగుతాడు? పైగా దీని ఫలం అందరిదీ, ఒకరు అమ్ముకునేది కాదు. అందుకే ఇది సర్కారు మోయవలసిన బరువు. నవాబు గారు మొదలు పెట్టగలిగారు గాని, నిలబెట్టింది ప్రజల సొమ్మే.

నగరంలో దీపాల వెలుగు పెరిగాక 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని పెట్టారు. బేగంపేటలో మాత్రం పరిశోధన ఏనాడో ఆగిపోయింది. పాత కట్టడం ఒక్కటే మిగిలింది. పోషణ ఆగితే ఏమవుతుందో అక్కడికి వెళితే తెలుస్తుంది.

మన ఆర్మూరు రైతుకు ఈ సంగతి కొత్త కాదు. పసుపుకు ఎంత మంచి ధర వచ్చినా, విత్తనం కొమ్ములు పక్కన పెట్టకుండా అంతా ఉడకబెట్టి అమ్ముకోడు. అమ్ముకుంటే ఆ ఏడు చేతిలో డబ్బులుంటాయి, వచ్చే ఏడు చేను బీడు పడుతుంది. మూల విజ్ఞానం దేశానికి విత్తనం పసుపు వంటిది. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను రోడ్లతో పాటు కాలేజీ లేబరేటరీల గురించి, పరిశోధన నిధుల గురించి కూడా అడుగుదాము. మన పిల్లల్లో ఎవరైనా నక్షత్రాల లెక్క చదువుతామంటే, ఫాయిదా ఏమిటని వాళ్ల ఉత్సాహం చంపవద్దని మా మనవి.